బస్తా బరువు, చెంచా నెయ్యి

ఆ రోజుల్లో మా వైపు ఎవరైనా "ఒళ్ళు చేశావురా" అంటే అది పొగడ్త. "చిక్కిపోయావేంటి?" అంటే పరామర్శ. మొదటి మాట విన్నవాడు మీసం సవరించుకునేవాడు. రెండో మాట విన్నవాడి తల్లి ఆ పూటంతా దిగులుగా కూర్చునేది. బరువు తగ్గడం అనేది జబ్బు చేసినవాళ్ళకో, పరీక్ష తప్పినవాళ్ళకో జరిగే విషయం గానీ, ఉద్యోగం చేసుకుంటున్నవాడు కోరి పెట్టుకునే పని అని మాకెవరికీ తోచేది కాదు. అలాంటి కాలంలో, తొంభైల చివర్లో, మండపేటలో ఒక రైస్ మిల్లులో గుమాస్తాగా ఉన్న నేను కోరి ఇరవై ఒక్క కిలోలు తగ్గాను. తగ్గడం పెద్ద కథేమీ కాదండి. చెప్పినట్టు వింటే ఎవరైనా తగ్గుతారు, నేను చిన్నప్పటి నుంచీ చెప్పినట్టు వినే రకమే. అసలు కథ ఆ తర్వాత, ఎవరూ ఏమీ చెప్పకుండా వదిలేసినప్పుడు మొదలైంది.

నాకప్పుడు ఇరవై ఆరేళ్ళు. బరువు, బస్తా మీద ఇరవై ఒకటి. (మా వైపు ధాన్యం బస్తా అంటే డెబ్బై అయిదు కిలోలు. మిల్లులో పనిచేసేవాడికి దేవుడి రథం చూసినా అది ఎన్ని బస్తాలుంటుందోననే తోస్తుంది.) నా బరువుకి ఈ లెక్క కట్టింది కాటా బాబాయి. ఆయన నాకు చుట్టమేమీ కాదు. మిల్లు గేటు పక్కన కాటా దగ్గర ముప్ఫై ఏళ్ళుగా నిలబడి, లోపలికి వచ్చిన ప్రతి బస్తానూ తూచిన పెద్దాయన, అందుకని అందరికీ బాబాయే. ఏ రైతు ధాన్యం తెచ్చినా గుప్పెట్లోకి తీసుకుని, రెండు గింజలు కొరికి, తేమ ఎంత ఉందో చెప్పేసేవాడు. ఆ తేమ కోసం తూకంలోంచి కోసేదాన్ని తరుగు అంటారు. ఒక వేసవిలో నేను గోడౌను మెట్లెక్కుతూ కళ్ళు తిరిగి ధాన్యం రాశి మీద కూలబడిపోతే, నన్ను మోసుకొచ్చి నీడన కూర్చోబెట్టడానికి నలుగురు హమాలీలు కావలసి వచ్చారు. "బస్తాకి ఒక్కడు చాలు కదరా, నలుగురెందుకు?" అని బాబాయి వాళ్ళని కోప్పడ్డాడు. నేను తేరుకున్నాక కాటా ఎక్కించి చూసి, "వాళ్ళ తప్పు లేదండి బాబూ" అన్నాడు.

రాజమండ్రిలో డాక్టరు గారు నా చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, నా ముఖం వైపు చూసి, మళ్ళీ గాలి కొట్టారు. "మీ నాన్నగారు ఏం చేస్తుంటారు?" అన్నారు. వ్యవసాయం చేసేవారండి, మూడేళ్ళ కిందట గుండెపోటుతో పోయారండి, యాభై రెండేళ్ళకి, అన్నాను. ఆయన రాస్తున్న కలం ఆపారు. "మీరూ ఆ దారిలోనే ఉన్నారు. ఆయన కంటే కాస్త తొందరగా కూడా నడుస్తున్నారు" అన్నారు. తర్వాత బల్ల సొరుగులోంచి అచ్చు వేసిన కాగితం ఒకటి తీసి, ఇందులో ఉన్నది తప్ప ఇంకేదీ నోట్లో పెట్టొద్దు, అన్నారు. ఏ పూట ఏం తినాలో, ఎంత తినాలో అన్నీ ఉన్నాయి అందులో. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆలోచించాల్సిన పని లేని ఆజ్ఞ నాకెప్పుడూ ఇష్టమే.

ఆ కాగితాన్ని అమ్మ అన్నం మెతుకులతో వంటింటి గోడకి అంటించింది, క్యాలెండరు పక్కన. ఇంట్లో ఉండేది మేమిద్దరమే. పొద్దున రెండు ఇడ్లీలు, పదకొండింటికి పలచటి మజ్జిగ, మధ్యాహ్నం ఒక కప్పు అన్నం, రెండు కప్పుల కూర, రాత్రికి రెండు పుల్కాలు. కప్పు అంటే ఏ కప్పో మాత్రం కాగితంలో లేదు. అమ్మ ఇంట్లో ఉన్న కప్పులన్నీ వరసగా పెట్టి, చాలాసేపు ఆలోచించి, అన్నిటిలోకీ పెద్దది ఎంచుకుంది. మర్నాడు తనకే భయమేసి మధ్యదానికి మారింది. ఆ తర్వాత ఎనిమిది నెలలు ఆవిడ చెయ్యి వణకలేదు. నేను ఆశగా గిన్నె వైపు చూస్తే గోడ వైపు చూపించేది. "నేను కాదురా అబ్బాయ్, అది వద్దంటోంది" అనేది. (ఈ మాట మీరు గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.) పెళ్ళిళ్ళకి వెళ్ళినప్పుడు దాని నకలు జేబులో ఉండేది. వడ్డించేవాళ్ళు గరిటెతో మీదకి వస్తే తీసి చూపించేవాడిని, కోర్టు కాగితం చూసినట్టు వెనక్కి తగ్గేవారు. ఎనిమిదో నెల ఒక సోమవారం పొద్దున కాటా బాబాయి గొంతెత్తి "సరిగ్గా బస్తా!" అని అరిస్తే, హమాలీలందరూ పని ఆపి చప్పట్లు కొట్టారు. నా జీవితంలో నాకు దక్కిన సన్మానం అదొక్కటే.

ఆ వారమే కాలరెగరేసుకుని రాజమండ్రి వెళ్ళాను. డాక్టరు గారు సంతోషించి, జేబులో ఉన్న నకలు అడిగి తీసుకుని, నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేశారు. "ఈ కాగితం పట్టుకుని ఎన్నాళ్ళు బతుకుతారండి? ఇక మామూలుగా తినండి. మీ ఇంట్లో వండుకునేదే తినండి, ఆకలేసినంత తినండి. ఆరు నెలలాగి రండి. ఇదే బరువు ఉంటే మాత్ర అక్కర్లేదు. పెరిగిందంటే మాత్రం రక్తపోటు మాత్ర రాసేస్తాను, ఇక దాంతోనే మీ కాపరం" అన్నారు. నేను లేవలేదు. "ఆకలేసినంత అంటే ఎంతండి?" అని అడిగాను. ఆయన కళ్ళజోడు మీంచి చూసి, "అది నేనెలా చెప్తానండి? ఆకలి మీది కదా" అన్నారు. బస్సులో ద్వారపూడి దాటేదాకా అదే ఆలోచించాను. నిజంగానే నాకు తెలియదు. బస్తాల లెక్కలన్నీ నోటికి వచ్చినవాడికి తన కడుపు లెక్క తెలియదు.

ఇంటికొచ్చి, మామూలుగా తినమన్నారమ్మా అనగానే అమ్మ కళ్ళు తుడుచుకుంది. వెంటనే తడిగుడ్డ పట్టుకుని గోడ మీద కాగితం ఊడదీసింది. (అన్నం మెతుకుల పట్టు అంత తేలిగ్గా వదలదు, కింది మూల ఒకటి గోడకే ఉండిపోయింది.) ఆ పూట గుత్తి వంకాయ కూర, ముద్దపప్పు, మజ్జిగ పులుసు, వాటితో పాటు ఎనిమిది నెలల బాకీగా బొబ్బట్లు. పక్కన నిలబడి వడ్డించింది. నేను చాలు అనబోతుంటే అప్పటికే పడిపోయేది. చేతులు అడ్డం పెడితే వేళ్ళ సందుల్లోంచి పోసేది. ఆవిడ ముఖంలో అంత వెలుగు నాన్న పోయాక నేను చూడలేదు. ఆ వెలుగు ఆర్పడం నా వల్ల కాలేదు. నెల తిరిగేసరికి కాటా బాబాయి "బస్తా మీద మూడు" అన్నాడు. ఈసారి అరవలేదు, నాకు మాత్రమే వినపడేలా చెప్పాడు.

నాకు భయం పట్టుకుంది. ఇలా కాదని, శనివారం ఉపవాసం మొక్కుకున్నానని అమ్మకి చెప్పాను. కోరుకొండ నరసింహస్వామికి మొక్కు అన్నాను, దేవుడి పేరు చెప్తే గరిటె ఆగుతుందని. ఆగింది. అయితే మా వైపు శనివారం ఉపవాసం అంటే ఆ రాత్రి అన్నం మెతుకు తగలకూడదు, అంతే. మిగతావి ఉపవాసంలోకి రావు. "పాపం, ఉపవాసం ఉన్నాడు" అని అమ్మ సాయంత్రానికే పప్పు రుబ్బి, ఉప్మా పెట్టి మూడు పెసరట్లు, పైన అల్లం పచ్చడి, ఆ తర్వాత గ్లాసుడు పాలు, నిద్రపోయే ముందు రెండు అరటిపళ్ళు పెట్టేది. దేవుడి పేరు చెప్పినవాడిని కాదనడానికి నోరెక్కడిది? ఇంకో నెలకి బస్తా మీద అయిదు. "ఉపవాసాలు గట్టిగానే చేస్తున్నట్టున్నారండి బాబూ" అన్నాడు కాటా బాబాయి, తూకం గుండు సరిచేస్తూ.

ఆ రోజు నవ్వలేకపోయాను. గోడౌను మెట్ల మీద, అంతకుముందు పడిపోయిన చోటే కూర్చున్నాను. నాన్న యాభై రెండేళ్ళు బతికారు. నాకు ఇరవై ఆరు నిండాయి. సగం అయిపోయింది. మిగిలిన సగమైనా ఉంటుందో లేదోనన్న భయం అంత స్పష్టంగా అంతకుముందెప్పుడూ కలగలేదు. కాటా బాబాయి వచ్చి పక్క మెట్టు మీద కూర్చుని చుట్ట ముట్టించాడు.

"డ్రయ్యర్లో గబగబా ఆరబెట్టిన ధాన్యం చూశారు కదండి. ఆ పూటకి తూకం బాగానే దిగుద్దండి. గోడౌన్లో పడేస్తే రెండు ముసుర్లకి పోయిన తేమంతా మళ్ళీ పీల్చేస్తది. ధాన్యాన్ని అని ఏం లాభమండి, గాలి ఎంత పెడితే అంత తీసుకుంటది. ఒకటి అడుగుతాను, ఏమనుకోరు కదా? మీకు అన్నం ఎవరు పెడతారండి?"

"అమ్మే పెడుతుంది బాబాయ్."

"ఎంత పెడతారు?"

"తనకి తోచినంత."

"మరి ఆ ఎనిమిది నెలలూ?"

"కాగితంలో ఉన్నంత."

"ఆయ్. మరి మీరెప్పుడు పెట్టుకుంటారండి?" అన్నాడు. "మా ఆవిడ నాట్లకెళ్తే పొద్దుగూకితే గానీ రాదండి. నలభై ఏళ్ళుగా నా కంచంలో నేనే పెట్టుకుంటన్నాను. నా కడుపులో ఎంత పడుద్దో ఇంకోళ్ళకేం తెలుత్తదండి?"

నేను ఆ మెట్ల మీదే కూర్చుని వెనక్కి వెనక్కి వెళ్ళి చూసుకున్నాను. పుట్టిన దగ్గర నుంచీ నా కంచంలో నేను అన్నం పెట్టుకున్న పూట ఒక్కటీ గుర్తురాలేదు. మా ఇంట్లో మగవాళ్ళు కూర్చోవాలి, ఆడవాళ్ళు వడ్డించాలి, అందరివీ అయ్యాక అమ్మ తినాలి. మర్నాడు మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్ళి, పీట మీద కూర్చోకుండానే, "అమ్మా, గరిటె ఇలా ఇవ్వు. నేను పెట్టుకుంటాను" అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు. నేను గరిటె పట్టుకున్నాను, ఆవిడ వదల్లేదు. తల్లీకొడుకులం పప్పు గరిటె కోసం అటూ ఇటూ లాగుకున్నాం. పప్పు గచ్చు మీద పడింది. అప్పుడు వదిలేసి, "నా చేత్తో పెడితే పెరుగుతున్నావా?" అని, దొడ్లోకి వెళ్ళి బావి గట్టు మీద కూర్చుంది.

గెలిచిన గరిటెతో నేను అన్నం పెట్టుకున్నాను. ముద్ద దిగలేదు. చెయ్యి కడుక్కుని దొడ్లోకి వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాను. నా వైపు చూడకుండానే మొదలుపెట్టింది.

"మీ నాన్నగారి ఆఖరి భోజనం నీకు తెలీదు. నువ్వు మిల్లుకెళ్ళావు. ఆ రోజు ముద్దపప్పు వండాను. ఇంకో చెంచా నెయ్యి వెయ్యవే అన్నారు. డాక్టరు వద్దన్నారు కదండీ అని, గిన్నె తీసి పక్కన పెట్టేశాను. కంచంలో ఉన్నది తినేసి చెయ్యి కడుక్కున్నారు. ఆ రాత్రికి ఆకలి లేదన్నారు. పొద్దున్నే చేలోకెళ్ళారు, మరి తిరిగి రాలేదు." కొంగు చివర వేలికి చుట్టుకుంటూ ఆగింది. "ఒక్క చెంచా. వేసుంటే ఏమయ్యేదిరా? వెయ్యకపోయినా పోయారు కదా. ఆ కాగితం ఉన్నన్నాళ్ళూ నాకు హాయిగా ఉంది, వద్దనడం దాని వంతు. ఇప్పుడు నీ కంచం చూసి చాలు అనాలంటే నా నోరు పెగలట్లేదు. నేను అన్నాక నీకేదైనా అయితే?"

నాకు ఏడుపొచ్చింది. ఇరవై ఆరేళ్ళ మగవాణ్ణి, బస్తా మీద అయిదు కిలోల మనిషిని, బావి గట్టు మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. నా కోసం కాదు. మూడేళ్ళకి పైగా రోజుకి రెండు పూటలు ఆ నెయ్యి గిన్నె ఎదురుగా పెట్టుకుని వడ్డిస్తూ వచ్చిన మనిషి కోసం. నాకు ఒళ్ళు బరువు, ఆవిడకి వెయ్యని ఆ చెంచా బరువు, రెండూ ఒకే వంటింట్లో పెరిగాయి. తర్వాత లేచి, "రా అమ్మా, ఇద్దరం కలిసి తిందాం" అన్నాను. "ఇద్దరం కూర్చుంటే వడ్డించేదెవరు?" అంది, అది పెద్ద చిక్కుముడి అయినట్టు. ఎవరిది వాళ్ళం అన్నాను.

గిన్నెలు మధ్యలో పెట్టుకుని ఎదురెదురుగా కూర్చున్నాం. అన్నం నేనే పెట్టుకున్నాను, పప్పు నేనే వేసుకున్నాను. తర్వాత కంచం ఆవిడ ముందుకి జరిపి, "ఇప్పుడు నువ్వు ఒక చెంచా నెయ్యి వెయ్యి" అన్నాను. ఆవిడ నా ముఖం చూసింది. చెంచా నిండా తీసి వేసింది. అలవాటు ప్రకారం రెండో చెంచా కూడా గాలిలోకి లేచింది. "చాలమ్మా" అన్నాను. "చాలన్నది నేను. నువ్వు కాదు, డాక్టరూ కాదు." చెంచా తిరిగి గిన్నెలోకి వెళ్ళింది. మా ఇంట్లో ఆ మాటకి గరిటె గానీ చెంచా గానీ ఆగడం అదే మొదటిసారి.

ఆ తర్వాత నాలుగు నెలలు మామూలుగా తినడం నేర్చుకున్నాను. నవ్వకండి, కష్టమైన విద్యే. మొదట్లో వీరావేశంలో మరీ తక్కువ పెట్టుకుని, నాలుగింటికల్లా మిల్లు ముందు బండి దగ్గర బజ్జీల కోసం నిలబడేవాడిని. మర్నాడు ఒక ముద్ద ఎక్కువ పెట్టుకునేవాడిని, సరిపోయేది. ఆ ఒక్క చెంచా రాబోతోందని తెలుసు కాబట్టి దానికి చోటుంచుకుని తినడం అలవాటైంది. ఎక్కడ ఆపాలో ముందు కడుపు చెప్పేది కాదు, లేదా చెప్పినా నాకు వినపడేది కాదు. రెండో నెలకి సన్నగా వినపడడం మొదలైంది. కొవ్వూరులో మేనత్త గృహప్రవేశానికి వెళ్ళి, జేబులో ఏ కాగితమూ లేకుండా రెండు బొబ్బట్లు ఇష్టంగా తిని, మూడోది వద్దన్నాను. అత్తయ్య వేళ్ళ సందుల్లోంచి పులుసు పోసింది, అది వేరే సంగతి. ఆ రాత్రి ఆకలి వెయ్యలేదు, తినలేదు. ఏ దేవుడి పేరూ వాడుకోలేదు. ఇంకొకటి కూడా ఎదురుగా కూర్చున్నాకే చూశాను. ఇన్నేళ్ళూ అందరి తర్వాత తినే అమ్మ ఏం తినేదంటే, అడుగు అన్నం, మజ్జిగ, ఊరగాయ ముక్క. కలిసి కూర్చోవడం మొదలయ్యాక ఆవిడ కంచంలోకి కూర వచ్చింది. మా ఇంట్లో ఆ ఏడాది నిజంగా ఒళ్ళు చేసింది అమ్మే. ఆ మాట ఎవరైనా అంటే సిగ్గుపడిపోయేది.

ఆరు నెలల గడువుకి ముందు రోజు కాటా ఎక్కాను. హమాలీలు చుట్టూ చేరారు. బాబాయి తూకం గుండు అటూ ఇటూ జరిపి, "బస్తా మీద ఒకటి" అన్నాడు. నా ముఖం చూసి, "ఆ ఒక్క కిలో గోనె బరువండి. తరుగు తీసేశాను" అన్నాడు. డాక్టరు గారు తరుగు తియ్యలేదు గానీ, మాత్ర కూడా రాయలేదు. ఏ చార్టు వాడారేంటి అని అడిగితే, "ఇంట్లో వండిందేనండి" అన్నాను. "నెయ్యి మానేశారా?" అన్నారు. లేదండి, అది మాత్రం మానకూడదండి, అన్నాను. ఆయన కళ్ళజోడు మీంచి ఒకసారి చూసి, తర్వాతి రోగిని పిలిచారు.

ఇప్పుడు నాకు యాభై మూడు. నాన్న వయసు దాటి ఏడాదైంది. దాటిన రోజు ఎవరికీ చెప్పకుండా మిల్లుకెళ్ళి కాటా మీద నిలబడ్డాను. అది ఇప్పుడు కరెంటు కాటా, ఎర్రటి అంకెలు చూపిస్తుంది గానీ, తరుగు తీసే బాబాయి లేడు. బస్తా మీద రెండు. మాత్ర కూడా ఈ మధ్యనే మొదలైంది, వయసు కదండీ అన్నాడు కొత్త డాక్టరు. అమ్మ పోయి నాలుగేళ్ళు. ఇంట్లో అందరం ఎవరిది వాళ్ళమే పెట్టుకుంటాం, అది నేను తెచ్చిన సంస్కరణ అని పిల్లలకి అప్పుడప్పుడూ గొప్పగా చెబుతుంటాను.

మొన్న ముద్దపప్పు చేసిన రోజు, అన్నంలో కలుపుకుని చెయ్యి ఆపి కూర్చున్నాను. "ఏంటండి ఆగిపోయారు? నెయ్యి గిన్నె మీ ముందే ఉంది కదా" అంది మా ఆవిడ. నిజమే, ముందే ఉంది. అప్పట్లో గరిటె కోసం కన్నతల్లితో పెనుగులాడిన మొనగాడు, ఇప్పుడు ఎవరైనా ఒక చెంచా వేస్తారేమోనని కంచం ముందు కాచుకుని కూర్చున్నాడు. నవ్వొచ్చింది. గిన్నె జరుపుకుని, నిండా ఒక చెంచా నేనే వేసుకున్నాను. "చాలమ్మా" అన్నాను, పైకే.

"ఎవరితో?" అంది మా ఆవిడ.

ఎవరితోనూ కాదులే అని, అన్నం కలుపుకున్నాను.